బావికి మూత

1984, జూన్ 11

ఇవాళ చెంచురామయ్య నా నమూనాలో వేలు పెట్టాడు. మాటవరసకి అనడం లేదు. నిజంగానే, వక్కపొడి నలిపిన చూపుడువేలు తీసుకొచ్చి, నేనూ, నా దగ్గర పనిచేసే అంకమ్మరావూ నడుములు విరగ్గొట్టుకుని అట్టతో కట్టిన నాలుగంతస్తుల మేడ నడినెత్తిన దూర్చి, "ఏందండీ ఈ బావి?" అన్నాడు.

బావి!

కమిటీ అంతా గొల్లున నవ్వింది. పత్తి మిర్చి వర్తక సంఘం అధ్యక్షుడు జోకేస్తే నవ్వని వర్తకుడు గుంటూరులో ఎవడు? నేను మాత్రం నవ్వలేదు. "బావి కాదండీ, ఏట్రియం అంటారు దీన్ని. తెలుగులోనే కావాలంటే కేంద్ర ప్రాంగణం అనండి" అన్నాను. కింద హాలు నుంచి పైన గాజుకప్పు దాకా మధ్యలో ఏ అడ్డూ ఉండదనీ, చుట్టూ ప్రతి అంతస్తులోనూ వరండా, వరండా వెంట ఆఫీసు గదులు వస్తాయనీ చెప్పాను. గాజుకప్పు అంచున వెంటిలేటర్లు పెడితే వేడిగాలి అందులోంచి పైకి పోతుంది, కింద గుమ్మాల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది, రోహిణి కార్తెలో కరెంటు పోయినా మీ గుమాస్తాలు చొక్కాలు విప్పుకుని కూర్చోనక్కర్లేదు, అని బొమ్మ గీసి మరీ చెప్పాను.

అంతా విని ఆ మహానుభావుడు మళ్ళీ అదే వేలు అందులోనే పెట్టి తిప్పాడు. "అంటే అంతస్తుకి రెండు గదులు ఈ బావిలో పోయినట్టేగా?"

వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ పడే వెలుతురుకి నీడ ఉండదండీ. మీ మిరపకాయ అసలు రంగు ఇక్కడ తెలిసినట్టు ఊళ్ళో ఇంకెక్కడా తెలియదు. మచ్చుకాయలు తెచ్చి పోసుకుని చూసుకోండి" అన్నాను. దాంతో నోళ్ళు మూతపడ్డాయి. మిర్చివాళ్ళంతా తలలూపారు.

ఉపాధ్యక్షుడు రోశయ్య ఒక్కడే మనిషిలా మాట్లాడాడు. "గురువుగారూ, ఏట్రియం అద్భుతంగా ఉందండీ." ఒక్కసారి వినగానే మాట పట్టేశాడు. సంస్కారం అంటే అదీ.

జూన్ 12

నాకు యాభై నాలుగు. మద్రాసులో అంత చదువు చదివి వచ్చి ఇన్నాళ్ళూ కట్టిందేమిటి? సినిమా హాళ్ళు. రైసుమిల్లు ఓనర్ల మేడలు. ముందు రెండు ఏనుగులు, నెత్తిన తామరపువ్వు, ఇంటాయన పేరు సిమెంటు అక్షరాల్లో. "ఏనుగు తొండం ఇంకాస్త పైకి లేపండి జానకిరామయ్యగారూ" అంటే లేపాను.

ఈ ఒక్కటి కట్టనిస్తే చాలు. నడుమ ఆకాశం కనపడే మేడ ఒక్కటి నా చేత్తో కట్టి పోతే చాలు. ఆ తర్వాత జన్మంతా తొండాలే లేపుతాను.

జూన్ 30

కమిటీ ఒప్పుకుంది. రోశయ్య చలవ. ఇంకెవరు చేస్తారు నాకు?

లోపల మీటింగు జరుగుతున్నంతసేపూ చెంచురామయ్య గొంతు వరండాలో బెంచీ మీద కూర్చున్న నాకు వినపడుతూనే ఉంది. మాటలు తెలియలేదు గానీ "బావి, బావి" అని అరుపులు. బల్ల మీద గుద్దిన చప్పుడు కూడా అయింది. ఎంత అడ్డం పడ్డాడో!

ఇంటికొచ్చి శ్యామలతో చెబితే, వంటింట్లోంచే అంటుంది: "అధ్యక్షుడే అడ్డం పడితే మరి ఎట్లా ఒప్పుకున్నారండీ?"

"నీకు తెలియదులే" అన్నాను. ఆవిడకి అన్నిటికీ ప్రశ్నలే.

సెప్టెంబరు 3

వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. నడిమధ్య ఆకాశం కనపడితే సంఘానికి శుభమట. నా చదువుకి ఈయన చేత సర్టిఫికెట్టు. అయినా కాదనలేదు. నవ్వి నమస్కారం పెట్టాను. నా బతుకు.

నవంబరు 19

పునాదులు. నల్లరేగడి నేల, ఎంత తవ్వినా కదులుతూనే ఉంటుంది. కాంట్రాక్టరు యలమందయ్యతో పోట్లాట.

నవంబరు 20

యలమందయ్యతో పోట్లాట.

1985, మార్చి 8

రెండో అంతస్తు లేచింది. చెంచురామయ్య రోజూ వస్తున్నాడు. తెల్లటి పంచె పైకి మడిచి, సెంట్రింగు కర్రల మధ్య నుంచి దూరి, సరిగ్గా ప్రాంగణం నడిమధ్యకి వచ్చి నిలబడతాడు. తల వెనక్కి వాల్చి, చెయ్యి నుదురుకి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి పైకి చూస్తాడు. ఎంతసేపో చూస్తాడు. పోయిన గదులకి అద్దెలు లెక్క కడుతున్నట్టుంది.

నన్ను పలకరించడు. చూశాక దులుపుకుని వెళ్ళిపోతాడు.

మార్చి 21

గోడలకి పూత ఎప్పుడు వేస్తారని కమిటీ మొత్తం నా మీద పడింది. వెయ్యను. కాంక్రీటు కాంక్రీటులాగే కనపడాలి, సెంట్రింగు చెక్కల గీతలు దాని ఒంటి మీద అలాగే ఉండాలి, అదీ దాని అందం. ఇంగ్లీషులో చెప్పాను, తెలుగులో చెప్పాను. "ఇంకా పూర్తవలేదనుకుంటారండీ జనం" అంటారు.

అప్పుడు చెంచురామయ్య నోరు విప్పాడు. "ఆయన వెయ్యనంటన్నాడు గదా, వదిలెయ్యండి. మంచి మిరపకాయకి రంగేత్తామా?"

నా మేడని మిరపకాయ చేశాడు. పదిమందిలో. ఏం చెయ్యాలి ఇలాంటి మనిషిని?

పూత మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను గట్టిగా నిలబడబట్టి.

మే 14

చిలకలూరిపేట నుంచి ఎవరో జిన్నింగు మిల్లు ఓనర్లు వస్తే చెంచురామయ్య వాళ్ళని వెంటేసుకుని తిప్పుతున్నాడు. నేను పై వరండాలో ఉన్నాను. నేనున్నానని తెలిసి కావాలనే గొంతు పెంచాడు. "ఈ బావి కోసం అంతస్తుకి రెండు గదులు వదులుకున్నామండీ! రెండు గదులు!"

వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచారు. తెరవరూ మరి? సంఘం సొమ్ము ఎవడో పిచ్చివాడు తగలేశాడని చెబుతుంటే!

ఇంటికొచ్చి అన్నం తినలేదు. శ్యామల కంచం ముందు కూర్చుని, "ఆయన ఏ మొహంతో అన్నాడు ఆ మాట?" అంది.

"ఏ మొహమేమిటి?"

"నవ్వుతూ అన్నాడా, ఏడుస్తూ అన్నాడా అని అడుగుతున్నా. పైనుంచి మీకు ఆయన నడినెత్తి తప్ప ఏం కనపడుతుంది? ఆయన అన్నది విన్నారా, మీరనుకున్నది విన్నారా?"

ఈ ఇంట్లో నాకు శత్రువుల కొరత లేదు.

ఆగస్టు 2

గాజు ఇంకా రాలేదు. మద్రాసు నుంచి రావాలి. ఇవాళ కుండపోతగా వాన. పైనుంచి ప్రాంగణంలోకి తిన్నగా కురిసింది, హాలంతా మోకాటి కింద దాకా నీళ్ళు. నేను సిమెంటు బస్తాలు తడుస్తున్నాయని గొంతు చించుకుంటుంటే, చెంచురామయ్య చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "బావిలో నీళ్ళు పడ్డయ్యండోయ్!" అని అరుస్తున్నాడు. కూలీలు పనాపి నవ్వారు. తర్వాత నా దగ్గరకొచ్చి, తుడుచుకోకుండానే, "గాజెయ్యకపోతేనే బావుంటదేమోనండీ" అన్నాడు.

కట్టినవాణ్ణి నిలబెట్టి, కట్టినదాన్ని వెక్కిరించడం. నేను మొహం తిప్పుకున్నాను.

అంకమ్మరావు నా దగ్గర పదేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్. వాడు కూడా నవ్వాడు. చూశాను.

1986, జనవరి 23

ప్రారంభోత్సవం అయింది.

రోశయ్య ఉపన్యాసం బాగుంది. ఏట్రియం అనే మాట ఎన్నిసార్లు వాడాడో, ఒక్కసారీ తప్పు పలకలేదు. నాకు శాలువా కప్పించింది కూడా ఆయనే. చెంచురామయ్య మైకు దగ్గరకొచ్చి, "మన బావి చూశారుగా, ఇంక భోజనాలకి పదండి" అన్నాడు. అంతే. ఇన్నాళ్ళ నా చాకిరీకి ఆయనగారి మాట అది.

భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. ఆయన మళ్ళీ అక్కడే, నడిమధ్య నిలబడి ఉన్నాడు. పత్తివాళ్ళందరికీ ఉన్న అలవాటే, జేబులో ఎప్పుడూ దూది పింజ ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళ మధ్య లాగి పోగు పొడవు చూస్తారు. అలాగే తీసి లాగాడు. లాగి, వదిలేశాడు.

పింజ కింద పడలేదు. కాస్త తటపటాయించి, పైకి లేచింది. మొదటి వరండా దాటింది. రెండోది దాటింది. ఎండ పడ్డచోట తెల్లగా మెరిసి, అలా అలా పోయి వెంటిలేటర్ల దగ్గర ఎటో మాయమైంది. గాలి నేను గీసినట్టే నడుస్తోంది. గీసినట్టే!

చెంచురామయ్య ఇంకో పింజ తీశాడు. "చూశారా, ఎగురుద్ది!" అన్నాడు, ఎవరితోనో. పక్కన ఎవరూ లేరు మరి, నేను తప్ప.

కొత్త గచ్చు మీద దూది చెత్త. తుడిపించమని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 17

మిర్చి సీజను మొదలైంది. హాల్లో బల్లలు వేసి మచ్చుకాయలు కుప్పలు పోశారు. ఎర్రటి కుప్పల మీద పైనుంచి వెలుతురు పడుతుంటే, కొనేవాళ్ళు తాలుకాయకీ మంచికాయకీ తేడా దూరం నుంచే చెప్పేస్తున్నారు. పాత యార్డు షెడ్డుల్లో ఇన్నేళ్ళు ఏం చూసి కొన్నారో పాపం. నేను పై వరండాలో చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

మార్చి 4

దగ్గులు.

మార్చి 6

కింద కుప్పలు తిరగేసినప్పుడల్లా ఘాటు లేస్తోంది. లేచింది లేచినట్టు గాలితోపాటు పైకి పోతోంది, పోతూ పోతూ అన్ని అంతస్తుల్లోకీ దూరుతోంది. గుమాస్తాలు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని లెక్కలు రాస్తున్నారు. మూడో అంతస్తులో టైపిస్టు నసీమున్నీసా ఆయాసంతో పడిపోతే రిక్షాలో ఇంటికి పంపారు. సీజను అయ్యేదాకా రానని చెప్పిందట.

ఎవడు పొయ్యమన్నాడు అక్కడ మిరపకాయలు? హాలంటే మనుషులు నడిచేది. నలుగురు కూర్చుని మాట్లాడుకునేది. కళ్ళంలో పోసినట్టు కుప్పలు పోసుకుని, దగ్గొస్తే ఆర్కిటెక్టుని అంటారా?

మార్చి 15

రైల్వేస్టేషను దగ్గర రిక్షా ఎక్కి, "వర్తక సంఘం మేడ" అన్నాను. రిక్షావాడు వెనక్కి తిరిగి, "యాడికి? దగ్గుల మేడకా?" అన్నాడు.

దిగి నడిచి పోయాను.

మార్చి 28

చెంచురామయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నా పైకే చూస్తున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయాడు, పొలమారింది. నేను ఆగలేదు. ఏమంటాడో నాకు తెలుసు.

ఏప్రిల్ 9

రోశయ్య ఇంటికి వచ్చాడు, బంగినపల్లి బుట్టతో. ఎంత మర్యాద! కింద చాప మీదే కూర్చుంటానన్నాడు. కళ్ళాపరేషనుకి చెంచురామయ్య నిన్న మద్రాసు రైలెక్కాడట. ఎక్కుతూ ఒక్కటే మాట చెప్పాడట.

"ఆయన అన్నది అన్నట్టు చెబుతున్నాను గురువుగారూ, నా మాట ఇందులో ఒక్కటీ లేదు. 'జానకిరామయ్యగారితో చెప్పి బావికి మూతేయించు' అన్నారండీ."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"నాకైతే మనసొప్పడం లేదండీ" అన్నాడు రోశయ్య, తల వంచుకుని. "అయినా అధ్యక్షులవారి మాట. మూడంతస్తులూ మీరే చక్కగా స్లాబు గీసిస్తే, ఎవరో తెలియనివాళ్ళు వచ్చి పాడుచెయ్యకుండా ఉంటుంది. కమిటీకి మీ అభిప్రాయం కూడా నాలుగు ముక్కలు రాసిస్తే మంచిది."

చూశావా! మొదటిరోజు వేలు పెట్టాడు. ఇవాళ పూడ్చమన్నాడు. ఇన్నాళ్ళూ రోజూ వచ్చి పైకి చూసింది ఇందుకే. మొహాన చెప్పే ధైర్యం లేక రైలెక్కి చెప్పి పంపాడు.

శ్యామల రోశయ్య గుమ్మం దాటాక అంది: "మూత అంటే ఏం మూతో, ఒక ఉత్తరం రాసి అడగకూడదూ?"

"ఇంకేం మూత ఉంటుంది?"

"ఏమో. మా ఊరి బావికీ మూత ఉండేది."

"మీ ఊరి బావి సంగతి నాకెందుకు!" అని అరిచాను. మామిడిపళ్ళు బాగానే ఉన్నాయని శ్యామల పనిమనిషి పిచ్చమ్మకి రెండు ఇచ్చింది.

ఏప్రిల్ 10

వెంటిలేటర్లకి మూసి తెరిచే రేకు తలుపులు పెట్టి, కింద నుంచి గొలుసుతో లాగే ఏర్పాటు చేస్తే చాలని నాకు తెలియదా? సీజన్లో మూసుకుంటే గాలి పైకి లాగదు, ఘాటు హాల్లోనే అణిగిపోతుంది. సీజను కాగానే తెరుచుకోవచ్చు. సాయంత్రం కూర్చుంటే గీసిపారేస్తాను.

అడిగారా నన్ను? ఒక్కడు వచ్చి, "ఏం చేద్దామండీ" అని అడిగాడా? అడిగితే చెప్పేవాణ్ణి.

అడగనప్పుడు నాకేం. మూత కావాలా? వేస్తాను మూత. జన్మలో మళ్ళీ తీయలేనంత గట్టిగా వేస్తాను.

ఏప్రిల్ 12

అంకమ్మరావు పెన్సిలు కింద పెట్టేశాడు. "సార్, ఆయన మద్రాసు నుంచి వచ్చిందాకా ఆగితే..." అని నసిగాడు.

"గీస్తావా, నన్ను గీయమంటావా?"

"నా చేత్తో నేను గీయలేను సార్. మీరు తిట్టినా సరే" అని సైకిలెక్కి పోయాడు. వీడికి నా మేడ మీద నాకంటే ప్రేమ పుట్టుకొచ్చింది!

నేనే గీశాను. మొదటి అంతస్తు, రెండోది, మూడోది. కడ్డీలు పాత దూలాల్లోకి ఎక్కడెక్కడ దింపాలో, గదులు ఎలా వస్తాయో, తలుపులు ఎటు తెరుచుకుంటాయో, అన్నీ. చెయ్యి ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఇంత శుభ్రమైన డ్రాయింగు నేను గీసి ఎన్నేళ్ళయింది! అంతస్తుకి రెండు గదులు, బ్రహ్మాండంగా వచ్చాయి.

కింద అభిప్రాయం కూడా రాశాను: "మధ్యలో వదిలిన ఖాళీ వల్ల ఉపయోగం లేకపోగా ఇబ్బందులున్నాయి. పూడ్చివేయడమే మంచిదని భవనం రూపకర్తగా నా సలహా." పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాను. చెంచురామయ్య చదువుకుని మురిసిపోనీ.

ఏప్రిల్ 19

నా కాగితాలు అందిన రోజే కమిటీ ఆమోదించిందట. ఏదో బ్యాంకువాళ్ళు ఆ గదులు అద్దెకి అప్పుడే ఖాయం చేసుకున్నారు. రోశయ్య ఎంత చురుకైనవాడో.

ఏప్రిల్ 26

స్లాబు కోసం చెక్కలు కొడుతున్నారు. నేను వెళ్ళలేదు.

మే 5

ఇవాళ పొద్దున్న గుమ్మంలో చెంచురామయ్య.

నా ఇంటికి ఆయన రావడం ఇదే మొదలు. కళ్ళకి ఆకుపచ్చ అద్దాలు, పక్కన చెయ్యి పట్టుకుని ఆయన భార్య రాఘవమ్మ. నిన్న సాయంత్రం రైలు దిగాడట. పొద్దున్నే తిన్నగా మేడకి పోయాడు. అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికి.

నేను కూర్చోమనలేదు. శ్యామల కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఏందండీ ఆ చెక్కలు?"

"మీరు చెప్పిందే. మూత వేయించమన్నారు, వేయిస్తున్నాను" అన్నాను. ఈ మాట అనడానికి ఇన్ని రోజులుగా కాచుకుని ఉన్నాను. నోట్లో తియ్యగా ఉంటుందనుకున్నాను.

ఆయన అద్దాలు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మొహంలోకి అంత దగ్గరగా వచ్చి ఎప్పుడూ చూడలేదు. "మూతంటే తీసి పెట్టుకునేదండీ. పూడ్చమన్నానా నేను?"

ఆయన ఆగలేదు.

"ఇంట్లో కూర గిన్నెకి మూతేత్తాం. మళ్ళీ తియ్యమా? బావికి మూతేత్తాం. నీళ్ళు తోడుకోవాలంటే తియ్యమా? సీజన్లో ఏత్తే ఘాటు అణుగుద్ది, సీజను కాంగానే తీత్తే గాలాడుద్ది అనుకున్నా. ఎట్టా ఎయ్యాలో నాకేం తెలుసు? చదువుకున్నాయన, ఆయనకి తెలుసులే, ఆయనే చూసుకుంటాడులే అని రైలెక్కా."

"రోశయ్యగారు స్లాబు అన్నారు."

"రోశయ్య మొదట్నుంచీ అదే అన్నాడు గదండీ! పోయిన సంవత్సరం, అంతకు ముందు సంవత్సరం, మీటింగు మీటింగుకీ అదే పాట. ఆ గదులు అద్దెకిద్దామని. వాడితో నేను కుస్తీలు పట్టి, బల్లలు గుద్ది, గొంతు చించుకుని నిలబెట్టా మీ బావిని. ఊరంతా ఎరుగు. మీకు తెలవదా?"

వెనక శ్యామల నిలబడి ఉంది. అటు చూడలేదు.

"మరి నాతో ఒక్క మాటైనా ఎందుకనలేదండీ?" అన్నాను. నా గొంతే. అరిచినట్టు వచ్చింది.

"ఏమనాలి? రోజూ వచ్చి చూత్తన్నాగా." అద్దాలు చేతిలో తిప్పుతున్నాడు. "చిన్నప్పటి నుంచీ గోడౌన్లలో బతికినోణ్ణండీ. తలెత్తితే బూజు తప్ప ఏం కనపడదు. ఆ బావిలో నిలబడి తలెత్తితే ఏందో తెల్లంగా కనపడేది. ఏందో సరిగ్గా తెలిసేది కాదు, కళ్ళకి పొరలు గదా. ఇప్పుడు శుభ్రంగా కనపడతన్నయ్యి. చూద్దామని పొద్దున్నే పోయా."

రాఘవమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "పదయ్యా, కళ్ళు నొప్పెడతయ్యి, ఏడవమాక" అంది. ఆయన అద్దాలు పెట్టుకున్నాడు.

మే 6

రోశయ్య దగ్గరికి పోయాను. డ్రాయింగులు వెనక్కి ఇమ్మన్నాను.

"మీరే గదండీ గురువుగారూ సలహా రాసిచ్చింది? అధ్యక్షులవారు ఎంత మొత్తుకున్నా, కట్టినాయనే పూడ్చమంటుంటే మనమెవరం అని కమిటీ అంతా ఒక్క మాట మీద ఉంది. బ్యాంకుకి మాట కూడా ఇచ్చేశాం."

"నువ్వు నాతో అబద్ధం చెప్పావు" అన్నాను.

"ఏది అబద్ధం? ఆయన అన్నమాట అన్నట్టే చెప్పాను. మూత అన్నారు, మూత అన్నాను. స్లాబు మాట ఆయనదని నేనేమైనా అన్నానా?" నవ్వాడు. అదే మర్యాద. "ఏట్రియం పోతోందని నాకూ బాధగానే ఉందండీ."

ఏట్రియం. వీడి నోట్లో ఆ మాట వింటే కంపరం పుట్టింది. ఒక్కసారి కూడా తప్పు పలకడు వెధవ.

మే 7

గొలుసుతో లాగే రేకు తలుపులు గీసి తీసుకెళ్ళాను. తీసుకోలేదు.

మే 8

మళ్ళీ తీసుకెళ్ళాను. అంకమ్మరావు కూడా వచ్చాడు, పిలవకుండానే. గుమ్మం దగ్గరే ఆపేశారు.

మే 9

శ్యామల ఏమీ అనడం లేదు. అనమనండి! ఎప్పుడూ అడిగేదిగా, ఇప్పుడు అడగదేం?

మే 20

మొదటి అంతస్తు స్లాబు పోశారు. మిక్సరు చప్పుడు బ్రాడీపేటలో మా ఇంటి దాకా వినపడిందంటే శ్యామల అది రోడ్డు పని అంది.

జూన్ 17

చెక్కలు ఊడదీశారని చెబితే వెళ్ళాను. చూడకుండా ఉండగలననుకున్నాను.

బావిలో ట్యూబులైట్లు పెట్టారు. ఘాటు లేదు, సీజను అయిపోయింది. దగ్గులు లేవు. గాలీ లేదు. బ్యాంకు వాళ్ళ బోర్డు అప్పుడే మెట్ల దగ్గర ఆనించి ఉంది. పైకి చూస్తే పచ్చి స్లాబు, చెక్కల గీతలతో, నేను చెప్పినట్టే పూత లేకుండా.

చెంచురామయ్య నడిమధ్య నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ అద్దాలు లేవు. అలవాటు కొద్దీ తల వెనక్కి వాల్చి, మళ్ళీ దించేశాడు. నన్ను చూశాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇన్నాళ్ళలో ఆ చోట ఆయన పక్కన నిలబడటం ఇదే.

ఆయన జేబులోంచి పింజ తీశాడు. రెండు వేళ్ళతో లాగి, పోగు చూసి, వదిలాడు.

అది కాస్త అటూ ఇటూ ఊగి, వచ్చి నా చెప్పు మీద పడింది.

ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. నేను అన్నీ సిద్ధం చేసుకునే వెళ్ళాను, తిడితే ఏమనాలో, కొట్టబోతే ఏమనాలో, నీ మూతేమిటో నువ్వే విడమరిచి చెప్పకపోతే నాకేం తెలుసని ఎలా అడగాలో. ఆయన వంగి నా చెప్పు మీది పింజ తీసి, ధూళి ఊది, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "పదండి, ఎండెక్కింది, కాఫీ తాగుదాం" అన్నాడు.

తాగి వచ్చాను. ఆయన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టుంటే ఎంత బాగుండేది. ఇవాళ ఇక్కడ రాసుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.